ఇంజన్ దించే గంట

గొలుసు బిగుసుకుంది, షెడ్డు పైకప్పు కింద అడ్డంగా వేసిన ఇనప దూలం ఒకసారి మూలిగింది, చెక్క దిమ్మెల మీది నుంచి ఇంజన్ లేచి గాలిలో నిలబడింది. ఆ క్షణం నుంచీ ముర్తినాకి ఊపిరి గొంతు దాకా వచ్చి అక్కడి నుంచే వెనక్కి పోతోంది. ఏమీ కాదు, కొత్త చైన్ కప్పీ, పోయిన వారమే జోగ్జా పట్నం నుంచి తెప్పించింది, ఒక టన్ను మోస్తుందని దాని ఒంటి మీదే పోతపోసి ఉంది, ఈ పాత ఫియట్ ఇంజన్ బరువెంతని, ఇద్దరు మగవాళ్ళు వెదురుకి కట్టుకుని మోసుకుపోయేంత. నిన్న నాలుగు సిమెంటు బస్తాలు కట్టి ఎత్తి దించి చూసింది. పొద్దున మళ్ళీ చూసింది. తమ్ముడు టీ తాగడానికి ఇంట్లోకి వెళ్ళినప్పుడు మూడోసారి కూడా చూసింది. అయినా అరచేతులు చెమర్చి గొలుసు మీద జారుతున్నాయి, కిందనున్న కారేమో బానెట్ తీసేసిన ముఖంతో, కొత్త రంగుతో, నిన్ననే తలంటిపోసుకున్న మనిషిలా మెరుస్తోంది. పైన మీగడ తెలుపు, నడుము కింద పాలపిట్ట నీలం. రెండు మడ్‌గార్డుల మీదా అమ్మ వదిలివెళ్ళిన బాతిక్ అద్దకం గుడ్డలు పరిచి, వాటి మీద దుప్పట్లు కప్పి, అంచులు తాడుతో కట్టింది. నేల మీద దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లింది. వేలి ఉంగరం తీసి మేకుకి తగిలించింది. చెయ్యాల్సినవన్నీ చేసింది. చెయ్యాల్సినవన్నీ చేశాక మిగిలేది భయమొక్కటే కదా, దానికి కప్పడానికి దుప్పటి ఏదీ?

"మెల్లగా తల్లీ, మెల్లగా!" అన్నాడు లిక్ కస్రాన్. ముంతిలాన్ ఊళ్ళో బండ్లకి రంగులేసే వాళ్ళందరికీ పెద్ద ఆయనే, అందుకే చిన్నాపెద్దా అందరూ లిక్, అంటే బాబాయి, అనే పిలుస్తారు. తను వేసిన రంగుని అప్పగించి ఇంటికి పోవచ్చు, పోలేదు. పొద్దుటి నుంచీ కూతుర్ని అత్తారింట్లో దింపిన తండ్రిలా కారు చుట్టూ తిరుగుతున్నాడు. "తొమ్మిది పూతలమ్మా. ఒక్కో పూతకీ మధ్య తడి గరుకు కాగితంతో రుద్దీ రుద్దీ నా వేలిముద్రలు అరిగిపోయాయి. మొన్న గుర్తింపు కార్డు కోసం ఆఫీసుకెళ్తే వేలిముద్రల యంత్రం నన్ను మనిషిగానే ఒప్పుకోలేదు."

"లిక్, నువ్వు అంత గట్టిగా ఊపిరి వదలకు," కారు కింది నుంచి తమ్ముడు పర్దియో గొంతు వచ్చింది. "రంగు మాసిపోతుంది."

"నువ్వు కింద పడుకుని మాట్లాడకురా. పైకి రా, నీ సంగతి చెప్తాను."

ఇద్దరూ నవ్వారు. ముర్తినా కూడా నవ్వాలి కాబట్టి పెదాలు కదిపింది. తమ్ముడు కనిపించడం లేదు. అట్టపెట్టె విప్పి పరుచుకుని దాని మీద వెల్లకిలా పడుకున్నాడు, బండి బయటికి వచ్చినవి రెండు పాదాలు మాత్రమే, అరిగిపోయిన రబ్బరు చెప్పులు, ఎడమ కాలి బొటనవేలు దేనికో తాళం వేస్తోంది. వాడికా అలవాటు పోలేదు. చేతులు మానేసిన పని కాలివేళ్ళు చేస్తున్నాయి. రోడ్డుకి అవతల శిల్పాలు చెక్కేవాళ్ళ ఉలి దెబ్బలు, టంగ్ టంగ్ టంగ్, ఆ దెబ్బకి ఈ బొటనవేలు. గేర్ బాక్స్ కారులోనే ఉంది, కింద జాకీ మీద ఆనించి. ఇంజన్ దిగి, దాని వెనక మూతి గేర్ బాక్స్ మూతికి ఎదురుగా వచ్చి, గేర్ బాక్స్ నుంచి పొడుచుకొచ్చిన షాఫ్ట్ క్లచ్ ప్లేట్ నడిమి బెజ్జంలోకి సూటిగా దూరాలి. పళ్ళకి పళ్ళు కలవాలి. ఆ రెండు మూతుల మధ్య సందులో ఒక చెయ్యి ఉండాలి, ప్లేట్ ఎటు జరిగిందో వేళ్ళతో తడిమి చెప్పడానికి. కంటికి కనపడదు, వేళ్ళకే తెలుస్తుంది. అదీ భయం. రంగు కాదు. రంగు గురించి లిక్ కస్రాన్ భయపడుతుంటే ఆ భయం చాటున తన భయం దాచుకోవచ్చని పొద్దున అనుకుంది, కానీ అది ఇంత పెద్దదని అనుకోలేదు, దేని చాటునా పట్టడం లేదు.

పధ్నాలుగేళ్ళుగా ఈ షెడ్డులో ఇంజన్ ఎత్తలేదు. బ్రేకులు చేశారు, కార్బరేటర్లు విప్పి కడిగారు, వైరింగులు మార్చారు, బస్సుల కమానుకట్టలు కూడా చేశారు. ఇంజన్ దించాల్సిన బండి వస్తే, "మాకు జాగా చాలదండీ," అని మగెలాంగ్ రోడ్డులోని మరో షెడ్డుకి పంపేవాళ్ళు. షెడ్డులో రెండు లారీలు పక్కపక్కన పడతాయి, ఆ సంగతి అడిగేవాళ్ళకీ కనిపిస్తూనే ఉంటుంది, అయినా ఎవరూ మారుమాట అనలేదు. పర్దియో ఎడమ చెయ్యి చూశాక ఎవరూ అనరు. ఆ చేతికి మధ్యవేలూ ఉంగరపువేలూ మొదలంటా లేవు. ఇక ఇలాగే నడిచిపోతుంది, ఇద్దరం ముసలివాళ్ళమయ్యేదాకా ఈ దూలానికి ఏదీ వేలాడదు అనుకుంటుండగా బూ కుస్తిరా, అంటే కుస్తిరా అమ్మగారు, వచ్చింది. ఎనభై రెండేళ్ళ మనిషి, మెరాపి అగ్నిపర్వతం వాలు ఊళ్ళన్నిటిలో నలభై ఏళ్ళు పురుళ్ళు పోసింది, పోయిన భర్త కొన్న ఈ ఫియట్‌లోనే బూడిద వానలో కూడా పైకెళ్ళి నొప్పులు పడుతున్న ఆడవాళ్ళని కిందికి తెచ్చింది. ఇంజన్ విప్పింది, బోరు చేయించింది వేరేవాళ్ళు. పెట్టడం మాత్రం మీరేనంది. "రంగు ఆరేదాకా ఆగుతాను, మీరు ఒప్పుకునేదాకా కూడా ఆగుతాను, కానీ నాకు అట్టే టైము లేదు," అని నవ్వింది. ముర్తినా తమ్ముడి వైపు చూసింది. వాడు కాదంటాడని. కాదనాలని. వాడు చెయ్యి తుడుచుకుంటూ, "సరే బూ, పంపించండి," అనేశాడు, పంక్చరు వెయ్యమన్నంత తేలిగ్గా.

ఎందుకు ఒప్పుకున్నాడు? అడగలేదు. అడిగితే నీకెందుకు భయం అని వాడు అడుగుతాడు. దెబ్బ తగిలింది నాకు కదా, నాకు లేని భయం నీకెందుకు యూ, అంటాడు. వాడు అక్కని యూ అనే పిలుస్తాడు, చిన్నప్పుడు గుమ్మం దగ్గర నిలబడి పిలిచినట్టే చివర్న కాస్త సాగదీస్తూ. తను వాడిని యో అంటుంది.

ఇంజన్ ముక్కు కిందికి వంచి, కారు నోటి మీదికి తెచ్చారు. లిక్ కస్రాన్ ఒక పక్క రెండు చేతులూ ఒడ్డి నిలబడ్డాడు, ఇంజన్ రంగు వైపు ఊగితే తన పొట్టతోనైనా ఆపేట్టు. ముర్తినా గొలుసు వదిలింది, ఒక మూర, ఇంకో మూర. దించేటప్పుడు చైన్ కప్పీ పెద్దగా చప్పుడు చెయ్యదు. గొలుసు లింకుల గలగల ఒక్కటే. చప్పుడంతా ఎత్తేటప్పుడే. లోపల పళ్ళచక్రం ఒక్కో పన్నూ తిరిగినప్పుడల్లా వెనక్కి పోనివ్వకుండా ఒక ఇనప నాలుక దాన్ని పట్టుకుంటుంది, అదే ఆ టిక్ టిక్ టిక్. ఆ నాలుక అరిగిపోతే... వద్దు. ఇప్పుడు వద్దు. నీలం రంగు వైపు చూడు. బెత్తెడు ఖాళీ ఉంది ఈ వైపు. ఆ వైపు నాలుగు వేళ్ళు. ఇంజన్ కింది తొట్టి రేడియేటర్ బిగించే అడ్డపట్టీ మీదుగా దాటుతోంది, అడ్డపట్టీ కూడా నీలమే, అక్కడెవరు చూస్తారు లిక్ అంటే, "దేవుడు చూస్తాడు, ఆయన తర్వాత నేను చూస్తాను," అన్నాడు. దాటింది. తగల్లేదు. లిక్ కస్రాన్ గట్టిగా ఏదో దువా చదివాడు. ఇంజన్ మొత్తం కారు గూటిలోకి వచ్చేసింది.

అప్పుడే మసీదు మైకు గరగరమంది. మధ్యాహ్నపు నమాజు పిలుపు. ఉలి దెబ్బలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. లిక్ కస్రాన్ చేతులు దింపి, కారు వంకా మసీదు వంకా చూశాడు. "ఇక గండం గడిచినట్టే కదా. నేను వెళ్ళొస్తాను. నేనొచ్చేదాకా దాన్ని గట్టిగా చూడనైనా చూడకండి," అని టోపీ సర్దుకుంటూ వెళ్ళిపోయాడు. ఆయన చెప్పుల చప్పుడు రోడ్డు దాటేదాకా వింటూ నిలబడింది ముర్తినా. వెళ్ళొద్దు లిక్ అనాలనిపించింది. ఇంతసేపూ ఆయన మాటలు గోడలా అడ్డం ఉన్నాయి. ఇప్పుడు షెడ్డులో తనూ, గొలుసూ, కింద తమ్ముడి పాదాలూ.

వాడి వేళ్ళు పోయిన రోజు షెడ్డులో ముగ్గురు. నాన్న, వాడు, తను. కూరగాయలు మోసే పికప్పు బండి. కానీ ఆ రోజు కాదు తలుచుకోవాల్సింది, ఆ రోజు అందరికీ తెలుసు, ఊరందరూ తలా ఒక రకంగా చెప్పుకున్నదే. తనొక్కతికే తెలిసింది దాని ముందు సాయంత్రం. నాన్న స్నానానికి వెళ్ళాడు. పికప్పు ఇంజన్‌ని నేల మీంచి బల్ల ఎత్తుకి లేపి ఉంచమన్నాడు, తనని, ముర్తినాని, మొదటిసారి. అప్పటిదాకా ఆడపిల్ల చేతికి గొలుసు ఇవ్వలేదు ఆయన. కార్బరేటర్ కడుగు, బిల్లు రాయి, బోల్టులు ఏరు. ముప్ఫై ఏళ్ళు వచ్చాయి, పెళ్ళయి పిల్ల పుట్టింది, అయినా గొలుసు దగ్గరికి వస్తే, "నువ్వు ఉండు," అనేవాడు. ఆ సాయంత్రం ఏమనుకున్నాడో గొలుసు చేతిలో పెట్టాడు. లాగింది. టిక్ టిక్ టిక్. ఎంత బాగుందో ఆ చప్పుడు, తన చేతి బలం తనకే లెక్కపెట్టి వినిపిస్తున్నట్టు. టిక్ టిక్, తర్వాత ఒక టిక్ రాలేదు. ఇంజన్ జానెడు జారి ఆగింది. చుట్టూ చూసింది, ఎవరూ లేరు. మళ్ళీ లాగింది, ఈసారి అన్ని టిక్కులూ వచ్చాయి. ఏమోలే, నేనే సరిగ్గా లాగలేదేమో. కాదు. తెలుసు. పదేళ్ళ వయసు నుంచీ ఆ షెడ్డులో పెరిగిన చెవులు, వాటికి తెలుసు నాలుక అరిగిందని. చెప్తే నాన్న ఏమంటాడో కూడా తెలుసు. కప్పీకేం, బ్రహ్మాండంగా ఉంది, నీకు పట్టుకోవడం రాలేదు, ఇటివ్వు అంటాడు. మళ్ళీ బోల్టులు ఏరుకోవాలి. రేపొక్క రోజు పోనీ అనుకుంది. ఈ ఇంజన్ ఒక్కటి నా చేత్తో దించాక చెప్తాను అనుకుంది.

మర్నాడు గొలుసు తన చేతిలోనే ఉంది. నాన్న పక్కన నిలబడి చూస్తున్నాడు. తమ్ముడి ఎడమ చెయ్యి సందులో ఉంది.

ఈ ఫియట్‌లోనే తీసుకెళ్ళారు ఆసుపత్రికి. బూ కుస్తిరా తనే నడిపింది, కూరగాయల బండ్లనీ సైకిళ్ళనీ హారన్‌తో చెదరగొడుతూ. వెనక సీటులో తువ్వాలు చుట్టిన వాడి చేతిని పైకెత్తి పట్టుకుని కూర్చుంది ముర్తినా, తువ్వాలు బరువెక్కుతోంది, వాడు ఏడవడం లేదు, "యూ, ఏ వేళ్ళు? చూడు యూ, ఏ వేళ్ళు?" అని అదే అడుగుతున్నాడు. ఇరవై అయిదేళ్ళవాడు. గమెలాన్ మేళంలో మద్దెల వాయిస్తాడు, వాడు దెబ్బ మారిస్తే మేళమంతా మారుతుంది, వాడు ఆపితే ఆగుతుంది, బొమ్మలాటగాడొకడు సోలో పట్నం నుంచి వచ్చి విని, వచ్చే నెల నుంచి నాతో వచ్చెయ్యి అన్నాడు. ముందు సీటులో నాన్న. "పాత కప్పీ కొన్నాను. నాదే తప్పు. నాలుగు డబ్బులకి చూసుకుని పాతది కొన్నాను." బ్లొందో మలుపు దగ్గర నోరు తెరిచింది ముర్తినా. వంతెన దగ్గర తెరిచింది. ఆసుపత్రి గేటు దగ్గర కూడా. మూడుసార్లూ గాలే వచ్చింది. ఆ తర్వాత నాన్న కప్పీని గొలుసుతో సహా మోసుకెళ్ళి పబెలాన్ నదిలో పారేశాడు. మళ్ళీ పానా పట్టుకోలేదు. ఆరేళ్ళ క్రితం పోయేముందు కొడుకు చేతిని తడుముతూ, ఆ ఖాళీ చోటుని తడుముతూ, "క్షమించరా," అన్నాడు. వాడు ఏడ్చాడు, "నువ్వేం చేశావు నాన్నా," అన్నాడు. మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడింది తను. అప్పుడు కూడా చెప్పలేదు. ఇప్పుడు చెప్తే నాన్న ప్రాణం ఎలా పోతుందోనని అనుకుంది, అదీ అబద్ధమే, తన ప్రాణం గురించే అనుకుంది. మద్దెల ఇంకెవరికో ఇచ్చేశారు. వాడు ఇప్పుడు మేళంలో వెనక కూర్చుని గాంగ్ అనే పెద్ద కంచు గంట కొడతాడు. ఒక్క చెయ్యి చాలు దానికి. చాలాసేపు ఊరికే కూర్చుని, ఆవర్తం చివర ఒక్క దెబ్బ.

"యూ, నిద్రపోయావా?"

ఉలిక్కిపడింది. "లేదు. చెప్పు."

"ఇంకాస్త దించు. ఆ, ఆ. చాలు. వెనక్కి తొయ్యి. ఇంకొంచెం. ఆగాగు." కింద ఇనుము గీరుకుంటున్న చప్పుడు. "షాఫ్ట్ ప్లేట్‌కి అడ్డంగా కొడుతోంది. ఒక వేలెడు పైకెత్తు."

పైకి. పైకి ఎత్తడమంటే ఆ చప్పుడు. రెండో వైపు గొలుసు పట్టుకుంది. లాగింది. టిక్. ఇంకోటి రావాలి, వచ్చింది, టిక్. మూడోది. ఒంట్లో ఎక్కడో ఒక చెవి తెరుచుకుని, రాని టిక్ కోసం వింటోంది. పధ్నాలుగేళ్ళుగా వింటూనే ఉంది, గడియారం దగ్గర, కుట్టుమిషను దగ్గర, కూతురు సైకిల్ తొక్కుతుంటే చక్రం దగ్గర. టిక్.

"చాలు. అడ్డు తప్పింది. ఇప్పుడు దించు. చెయ్యి పెట్టే ఉంచాను, ప్లేట్ జరుగుతుందేమో చూస్తాను. మెల్లగా."

చెయ్యి పెట్టే ఉంచాను. ఏ చెయ్యి? అడగక్కర్లేదు, ఎడమదే, కుడిచేత్తో జాకీ తిప్పుతున్నాడు. మిగిలిన ఆ మూడు వేళ్ళు. గొలుసు పట్టుకున్న పిడికిలి బిగుసుకుపోయింది. దించమని చేతికి చెప్పింది, చెయ్యి వినలేదు. పట్టు బిగిసినకొద్దీ గొలుసు కదిలి, ఇంజన్ సన్నగా ఊగుతోంది. కొత్త కప్పీ. ఒక టన్ను మోస్తుంది. నాలుగు బస్తాలు. అవన్నీ బుర్రకి తెలుసు, బుర్ర ఎక్కడో దూరంగా ఉంది, రోడ్డుకి అవతల. ఇక్కడున్నది పిడికిలి. అది ఒకటే అంటోంది, నువ్వు పట్టుకుంటే జారుతుంది. కప్పీ వల్ల కాదు. నీ వల్ల.

"యూ? దించు."

"చెయ్యి తియ్యి."

"ఏమైంది?"

"ముందు చెయ్యి తియ్యి యో. బయటికి తియ్యి."

కదిలిన చప్పుడు. "తీశాను. గొలుసు చిక్కుపడిందా?"

"లేదు."

"మరి?"

"ఆ కప్పీ పాడైపోయిందని నాకు ముందే తెలుసు."

"పాడవడమేంటి, నిన్నేగా బస్తాలు కట్టి చూశావు?"

"ఇది కాదు. అది. నాన్న నదిలో పారేసింది."

అన్నది తనేనా? గొంతు తనదిలా లేదు, ఎవరో షెడ్డు గుమ్మంలో నిలబడి అన్నట్టుంది. వెనక్కి తీసుకోవాలనిపించింది, ఇప్పటికీ తీసుకోవచ్చు, ఏదో వాగానులే ఎండకి అనొచ్చు. తమ్ముడి పాదాల వైపు చూసింది. బొటనవేలు ఆగిపోయింది.

"ఎప్పుడు తెలుసు?" అన్నాడు.

"ముందురోజు సాయంత్రం. నేను ఎత్తుతుంటే జారింది. జానెడు."

"నాన్నకి చెప్పావా?"

"లేదు."

"నాకూ చెప్పలేదు." అది అడగడం కాదు. వాడు తనకి తానే చెప్పుకుంటున్నాడు. "ఎందుకు?" అన్నాడు.

ఎన్ని కారణాలు పేర్చి పెట్టుకుంది ఇన్నేళ్ళూ. ఆ రోజు పని తొందర, పికప్పు వాడి గొడవ, సాయంత్రం చీకటి పడటం, తన చెవులదే పొరపాటేమోనన్న అనుమానం. వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు. "చెప్తే గొలుసు నా చేతిలోంచి తీసేసుకుంటాడని," అంది. బయటికి అన్నాక ఎంత చిన్నదైపోయిందో అది. ఇంత చిన్నదానికా? వాడూ అదే అనుకుంటున్నాడు, తెలుస్తోంది, అట్ట మీద వెల్లకిలా పడుకుని, ముఖానికి జానెడు పైన నల్లటి ఇనుముని చూస్తూ. ఎవరూ పట్టుకోని ఇంజన్ గాలిలో నెమ్మదిగా పక్కకి తిరిగింది. దాని మూల వెళ్ళి మడ్‌గార్డు లోపలి అంచుకి ఆనింది. గట్టిగా కాదు, భుజం తట్టినంత. గోరంత నీలం పెచ్చు లేచి, గిరగిర తిరుగుతూ తడినేల మీద పడింది. ముర్తినా చూసింది. చూసి ఏమీ అనలేదు, ఏమీ అనిపించలేదు కూడా.

పర్దియో బయటికి జరుగుతున్నాడు. ముందు మోకాళ్ళు, తర్వాత నడుము, చివరికి ముఖం. లేచి నిలబడ్డాడు. వీపుకి అట్టముక్క అతుక్కుని ఉంది. ఆమె వైపు చూడలేదు. గుడ్డ తీసుకుని వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు, కుడిచేతివి అయిదు, ఎడమచేతివి మూడు, తుడిచినవే మళ్ళీ తుడిచాడు. కొడతాడా? చిన్నప్పుడు కూడా ఎన్నడూ కొట్టలేదు. కొడితే బాగుండును. అరిచినా బాగుండును, రోడ్డున పోయేవాళ్ళు ఆగి వినేలా అరిస్తే. వాడి పెదవి పక్కన కండ ఒకటి అదురుతోంది, అంతే.

"పక్కకి జరుగు," అన్నాడు.

జరిగింది. గొలుసు వాడు పట్టుకున్నాడు. కుడిచేతిని పైన వేసి, ఎడమచేతి మూడు వేళ్ళూ కింద చుట్టి, ఒకసారి లాగి బరువు చూసుకున్నాడు.

"కిందికి వెళ్ళు."

"యో..."

"వెళ్ళు యూ. షాఫ్ట్ ఎవరో ఒకరు చూడాలి కదా. నా చెయ్యి ఇవాళ ఇక అక్కడ పెట్టను."

అట్ట ఇంకా వాడి వీపు వేడితో ఉంది. దాని మీద పడుకుని లోపలికి జరుగుతుంటే తలగుడ్డ ఎక్కడో చిక్కుకుంది, లాక్కుంది. కారు కింద ఇంత చీకటిగా ఉంటుందని తెలీదు. పైన ఇంజన్, పక్కన గేర్ బాక్స్, రెండిటి మధ్య బెత్తెడు వెలుతురు. ఇన్నేళ్ళుగా పైనుంచే చూసింది ఆ సందుని. ఇక్కడి నుంచి చూస్తే అది వేరే చోటు. వాడు రోజూ చూసిన చోటు. పడుకున్న చోటి నుంచి తమ్ముడి ముఖం కనిపించదు, గొలుసు కింద నిలబడ్డ పాదాలే, కాస్త ఎడంగా, నేలని గట్టిగా పట్టుకుని. చెయ్యి ఎత్తింది. సందులోకి పోనిచ్చింది. ఇనుము చల్లగా ఉంది. క్లచ్ ప్లేట్ పళ్ళు వేలికొసలకి తగిలాయి, షాఫ్ట్ జిడ్డుగా తగిలింది. ఇప్పుడు వాడు ఇంజన్‌ని ఒక్కసారిగా తోస్తే? వాడు అలాంటి మనిషి కాదు. ఆ రోజు తనూ అలాంటి మనిషి కాదు కదా. కావాలని చెయ్యనక్కర్లేదు. ఒక్క క్షణం చెయ్యి తొందరపడితే చాలు, కళ్ళలో నీళ్ళు అడ్డం వస్తే చాలు, ఇందాక విన్న మాట మళ్ళీ చెవిలో మోగితే చాలు. వాడికి ఆ హక్కు లేదని ఎవరనగలరు? తియ్యి, చెయ్యి తియ్యి, అని ఒళ్ళంతా అరుస్తోంది. తియ్యలేదు.

"ఎంత ఉంది?" పైనుంచి వాడి గొంతు. మామూలుగా లేదు, మామూలుగా ఉంచాలని చూస్తోంది.

"బెత్తెడు."

గొలుసు గలగలమంది. ఇనుము కదిలింది.

"ఇప్పుడు?"

"మూడు వేళ్ళు. కాస్త ఎడమకి తిప్పాలి. నా ఎడమ కాదు, నీ ఎడమ."

తిప్పాడు. ప్లేట్ నడిమి బెజ్జం, షాఫ్ట్ కొన, ఒకదానికొకటి ఎదురుగా వచ్చాయి, వేళ్ళకి తెలిసింది. ఇదా వాడు చెప్పేది, కంటికి కాదు వేళ్ళకే తెలుస్తుందని. "సూటిగా ఉంది," అంది. ఇక వాడు ఒక్క తోపు తొయ్యాలి, ఇంజన్ వెనక్కి వచ్చి మూతికి మూతి అతుక్కుంటుంది. సందు ఉండదు. సందులో ఏదున్నా ఉండదు.

"చెయ్యి తీశావా?"

"తీశాను."

"చూపించు."

అర్థం కాలేదు. "ఏంటి?"

"చెయ్యి. బయటికి చాపు, నాకు కనిపించాలి."

చక్రం పక్క నుంచి చెయ్యి బయటికి చాపింది. మోచేతి దాకా వెలుతురులో పెట్టింది, గ్రీజు పట్టిన అయిదు వేళ్ళూ విప్పి. పాదాలు కదల్లేదు. ఎంతసేపు చూశాడో. ముర్తినా చెయ్యి వెనక్కి తీసుకోవడానికి ధైర్యం చాలక అలాగే ఉంచింది, చాపిన చెయ్యి బరువెక్కి నొప్పెట్టేదాకా.

"రెండోది," అన్నాడు.

రెండోది కూడా చాపింది.

అప్పుడు గొలుసు కదిలింది. ఇంజన్ వెనక్కి జరిగింది, షాఫ్ట్ జిడ్డులోంచి జారుతూ లోపలికి వెళ్ళింది, ఒక చోట పట్టింది, వాడు పైనుంచి ఇంజన్‌ని రవ్వంత అటూ ఇటూ కదిపాడు, పళ్ళు కలిశాయి. దబ్బుమని మెత్తటి చప్పుడు. ఇందాక తన వేళ్ళున్న చోట వెంట్రుక పట్టేంత సందు కూడా లేదు. ముర్తినా ఆ అతుకుని చూస్తూ పడుకుంది. ఊపిరి పూర్తిగా లోపలికి వెళ్ళింది, వెళ్ళి ఏడుపై బయటికి వచ్చింది, చప్పుడు రాకుండా పళ్ళు బిగించింది.

"నాన్నకి చెప్పాల్సింది యూ," అన్నాడు పైనుంచి. "నాకు కాదు. నాకు ఎప్పుడు చెప్పినా వేళ్ళు రావు. ఆయనకి చెప్పాల్సింది."

"అవును."

"పోయేముందైనా."

"అవును."

ఇంజన్ పక్క నుంచి వాడి ఎడమచెయ్యి కిందికి దిగింది, బొటనవేలూ చూపుడువేలూ చిటికెనవేలూ, మధ్యలో బోల్టు. అందుకుంది. చేత్తో రెండు చుట్లు తిప్పి, పానాతో బిగించింది. రోడ్డుకి అవతల మళ్ళీ ఒక ఉలి మొదలైంది, దాని వెనక ఇంకోటి. చెప్పులు ఈడ్చుకుంటూ ఎవరో షెడ్డులోకి వచ్చారు.

"దిగిందా? అల్లాకి వెయ్యి దండాలు!" లిక్ కస్రాన్ గొంతు. కారు చుట్టూ తిరిగాడు, ఒక దుప్పటి ఎత్తి చూశాడు, రెండోది ఎత్తాడు. ఆగిపోయాడు. "ఏమిటిది? ఈ మడ్‌గార్డు లోపల, ఇదిగో, ఇక్కడ. పెచ్చు లేచిపోయింది! నేను పట్టుమని పావుగంట కూడా లేను. ఎవరు? ఎవరు చేశారీ పని? నువ్వేనా పర్దియో? గొలుసు నీ చేతిలో ఉందేం?"

పర్దియో పాదాలు అలాగే ఉన్నాయి. వాడు ఏమీ అనడం లేదు. కాదనీ అనడం లేదు, అవుననీ అనడం లేదు. పైన నిశ్శబ్దంగా ఉంది, ఆ నిశ్శబ్దం ఎవరి కోసం ఉందో ముర్తినాకి తెలిసింది.

"నేనే లిక్," అంది కారు కింది నుంచి. "గొలుసు నా చేతిలో ఉండగా తగిలింది. నేను చూశాను కూడా. చూసి ఊరుకున్నాను."

"నువ్వా?" ఆయన నమ్మలేనట్టు వంగి కిందికి చూశాడు. "చూసి ఊరుకున్నావా? అదేం మాట తల్లీ?"

"అవును. నేనే."

ఆయన ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు, డబ్బాలో మిగిలిన రంగు గురించి, అదే నీలం మళ్ళీ కలపడం ఎంత కష్టమో, కలిపినా ఎండలో చూస్తే ఎలా తెలిసిపోతుందో. ఇంజన్ పక్క నుంచి ఆ చెయ్యి మళ్ళీ కిందికి దిగింది, మూడు వేళ్ళ మధ్య రెండో బోల్టు. ముర్తినా అందుకుంది.